లోపల ముగ్గురున్నారు

మా ఆఫీసు కంప్యూటరు నిద్రపోవడం లేదని పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిన పొద్దున, నేను స్టోరు గదిలో గొడుగులకు చీటీలు కడుతున్నాను. వాన వెలిసిన వారంలో మాకు గొడుగులు ఎక్కువ. బస్సు ఎక్కేటప్పుడు ప్రాణంలా పట్టుకున్న గొడుగును, దిగేటప్పుడు కాస్త ఎండ కనబడితే చాలు, మరిచిపోయి పోతారు మనుషులు.

మాది బస్టాండులో పోయిన సామాన్ల ఆఫీసు. ప్రయాణికులు బస్సుల్లో వదిలేసినవి కండక్టర్లు తెచ్చి మా కౌంటరు మీద పెడతారు. మేం వాటికి చీటీ కట్టి, రిజిస్టరులో రాసి, కంప్యూటరులో ఎక్కించి, యజమాని వచ్చేదాకా దాస్తాం. గదులు రెండు, మనుషులం ముగ్గురం. సూపర్‌వైజరు గారిని ఎదురుగా సార్ అంటాం, చాటున రూళ్లకర్ర అంటాం. సన్నగా, నిటారుగా ఉంటారు. గీత దాటరు, దాటనివ్వరు. కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి టకటక. ఆ పేరు ఆమెకు ఆమె వేళ్లు పెట్టినది. నేను స్టోరు చూస్తాను. అందరికీ పిన్నిని, నాకంటే పెద్దవాళ్లకు కూడా.

పైఆఫీసు ఉత్తరాన్ని రూళ్లకర్ర గారు ఎప్పుడూ లేచి నిలబడి చదువుతారు. ఆ పొద్దున కూడా నిలబడ్డారు.

"వాడకంలో లేని కంప్యూటరు పది నిమిషాల్లో నిద్రావస్థలోకి పోవలెను. మీ శాఖ కంప్యూటరు గడచిన ముప్పై దినములలో నిద్రించిన సమయము: సున్నా నిమిషములు. నేటికి పదిహేనవ దినమున తనిఖీ అధికారి వచ్చి స్వయముగా పరీక్షించెదరు. అప్పటికి కూడా నిద్రించనిచో యంత్రము పైఆఫీసుకు తరలించబడును."

"తీసుకెళ్తే తీసుకెళ్లనీండి సార్. మళ్లీ పుస్తకంలో రాసుకుంటాం," అన్నాను నేను.

"ఇంకా ఉందమ్మా. 'యంత్రము అనగా తెర, కీబోర్డు, మౌసు, ఆపరేటరు.' నాలుగూ ఒకే బండిలో వెళ్లాలట."

టకటక వేళ్లు ఆగిపోయాయి. "మౌసు తర్వాత నన్ను రాశారా సార్?"

"ఏదో వరుసలో రాసుంటారులే."

ఆ అమ్మాయి మొగుడు ఇదే బస్టాండులో ఆరో నంబరు కిటికీ దగ్గర టికెట్లు ఇస్తాడు. పెళ్లయ్యాక నాలుగేళ్లు ఇద్దరూ చెరో ఊళ్లో పనిచేశారు. కాళ్లరిగేలా తిరిగి, కనబడ్డ ప్రతి అధికారికీ అర్జీ ఇచ్చి, కిందటేడే ఒకచోటికి చేరారు. పైఆఫీసు ఉన్న ఊరికి బస్సులో తొమ్మిది గంటల దారి.

"మళ్లీ ఆదివారం మొగుడూపెళ్లాం అయిపోతాం పిన్నీ," అంది టకటక. నవ్వుదామనుకుంది గానీ నవ్వు సగంలోనే తెగింది.

ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం విడిపోయిన వాటి మధ్యనే. జత చెప్పుల్లో ఒకటి, కళ్లజోడు లేని కళ్లజోడు పెట్టె, ఎవరి నోట్లోంచి ఎలా జారిందో తెలియని పళ్లసెట్టు. ఒకసారి విడిపోయినవి మళ్లీ కలవడం ఎంత అరుదో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

మొదటి అయిదు రోజులూ సొంత వైద్యం జరిగింది. వెలుతురు ఎక్కువై నిద్ర పట్టడం లేదేమోనని రూళ్లకర్ర గారు కిటికీలకు అట్టలు కట్టించారు. ఆ చీకట్లో ఒక ముసలాయనకు ఆయన సూట్‌కేసు బదులు పక్కవాడిది ఇచ్చి పంపేశాను. తర్వాత, చప్పుడుకి లేస్తోందేమోనన్నారు. దాంతో అందరం గుసగుసలాడటం మొదలుపెట్టాం. ఒక కండక్టరు వచ్చి, "ఎవరు పోయారు పిన్నీ?" అని నా చెవిలో అడిగి, టోపీ తీసి రెండు నిమిషాలు నిలబడి వెళ్లాడు. మౌసు కదులుతోందేమోనని దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మీద నా రుమాలు కప్పాం. తెర మాత్రం రెప్ప వెయ్యకుండా మమ్మల్నే చూస్తూ ఉండేది. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. మెలకువ పట్టిన యంత్రాన్ని ఏం చెయ్యాలో మాత్రం ఏ సామెతలోనూ లేదు.

ఆరో రోజున మెకానిక్ వచ్చింది. బస్టాండు మొత్తానికి కంప్యూటర్లు బాగుచేసేది ఆవిడే. యాభై ఏళ్ల మనిషి, భుజాన సంచీ, జడలో గుచ్చుకున్న చిన్న స్క్రూడ్రైవరు. మా గది చూసి ముందు కిటికీల అట్టలు ఊడబీకింది.

"దీనికి కళ్లున్నాయా సార్, వెలుతురు పడదనడానికి?" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "దీన్ని ఆఖరుసారి ఎప్పుడు ఆపారు?"

"ఆపడమా?" అన్నారు రూళ్లకర్ర గారు, ఎవరిదో పీక పిసకమన్నట్టు.

ఆవిడ ఏదో నొక్కి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఏడేళ్లు! ఏడేళ్ల నుంచి ఒక్కసారి కూడా ఆపలేదా? ఇది పడుకోవట్లేదని మీరు కంప్లయింటు పెట్టారా? మీ మీద ఇది పెట్టాల్సింది."

"దీంట్లో పదకొండు వేల వస్తువుల జాబితా ఉంది. ఆపితే పోతుంది," అన్నారు ఆయన.

"ఎవరు చెప్పారు?"

"యంత్రం వచ్చినప్పుడు నేర్పడానికి వచ్చినాయన చెప్పారు. నేను రాసి గోడకి పెట్టాను." ఆయన చూపించిన చోట అట్ట మీద పెద్ద అక్షరాలున్నాయి: బయటికి రావద్దు. పక్కకు జరగండి.

ఆ అట్టే మా ఆఫీసు పద్ధతి. కంప్యూటరులో మాకు తలా ఒక ఖాతా ఉంది. పని అయ్యాక ఖాతా మూసేసి బయటికి రావాలట. మేం ఎవ్వరం ఎప్పుడూ మూయలేదు. మన ఖాతాని తెరిచి ఉంచే పక్కకి నెట్టి, తర్వాతివాళ్లు తమది తెరుచుకునే బొత్తాం ఒకటుంది. అందరం అదే నొక్కాం. బదిలీ అయినవాళ్లూ, రిటైరైనవాళ్లూ కూడా ఆఖరి రోజున అదే నొక్కి, దండ వేయించుకుని, స్వీటు తిని వెళ్లిపోయారు.

మెకానిక్ నల్లటి తెర ఒకటి తెరిచి అందులో ఒక వరుస టైపు చేసింది. "నిన్ను పడుకోనివ్వనిదెవరే, చెప్పవే తల్లీ," అంటూ కంప్యూటరు నెత్తిన చిన్నగా తట్టింది. జవాబు చదివి మా వైపు తిరిగింది.

"లోపల ముగ్గురున్నారు."

రూళ్లకర్ర గారు వంగి యంత్రం వెనక్కి చూశారు.

"మనుషులు కాదు సార్. మీ దగ్గర పనిచేసి వెళ్లిపోయిన ముగ్గురి ఖాతాలు. వెనకాల నడుస్తూనే ఉన్నాయి. ఒకరి దాంట్లో చదరంగం ఆట. ఒకరి దాంట్లో మాత్రలు గుర్తుచేసేది. మూడోది వేళకి మోగే గంట. మూడూ 'యంత్రం పడుకుంటే నా పని చెడుతుంది' అని దీని రెక్క పట్టుకుని కూర్చున్నాయి. కనబడవు, వినబడవు, వదలవు."

"ఇప్పుడేం చెయ్యాలక్కా?" అంది టకటక.

"ఒక్కసారి ఆపి వెయ్యడమే. ముగ్గురూ బయటికి పోతారు. మీ జాబితా ఎక్కడికీ పోదు, నాది పూచీ. అర నిమిషం పని." ఆవిడ వేలు బొత్తాం మీదికి వెళ్లింది.

"ఆగండి!" అని రూళ్లకర్ర గారు అరిచారు. ఆయన గొంతులో అంత చప్పుడుందని నాకు అప్పుడే తెలిసింది. బల్ల సొరుగులోంచి రూల్సు పుస్తకం తీసి వేలితో వెతికి చదివారు. "పదకొండో రూలు. వెళ్లిపోయినవారు వదిలిన ఏ వస్తువునైనా యజమానికి తెలియజేయకుండా పారవేయరాదు, చెరపరాదు, నాశనం చేయరాదు."

"ఇవి వస్తువులా సార్?"

"మనది ఏ ఆఫీసు?"

"పోయిన సామాన్లది."

"వాళ్లు వెళ్లిపోయారా?"

"వెళ్లిపోయారు."

"ఇవి వదిలారా?"

మెకానిక్ నా వైపు చూసింది. నేను గొడుగుల వైపు చూశాను. ఆ పుస్తకం ప్రకారమే మేం ఒకాయన సగం తిన్న బిస్కెట్ల పొట్లాం ఆరు నెలలు దాచాం.

"పద్ధతి ప్రకారం పోదాం," అని రూళ్లకర్ర గారు రిజిస్టరు తెరిచి రాయసాగారు. చదరంగం ఆట ఒకటి, నడుస్తున్నది. మాత్రలు గుర్తుచేసేది ఒకటి, నడుస్తున్నది. గంట ఒకటి, నడుస్తున్నది. ఒక్కొక్కదాని వివరం మెకానిక్ చేత చీటీ మీద రాయించి కవర్లలో పెట్టి అంటించారు. యజమాని వచ్చి, చూడకుండా వస్తువు ఆనవాళ్లు చెప్పాలి. చెప్పింది కవరులో ఉన్నదానితో సరిపోతే సంతకం పెట్టి తీసుకెళ్లొచ్చు. చేతి గడియారానికైనా, చిన్నపిల్లల బూటుకైనా మాది ఒకే పద్ధతి.

"సార్, తొమ్మిది రోజులే ఉన్నాయి. మధ్యలో నేను పోతాను," అంది టకటక.

"రూలు తప్పి నిన్ను ఉంచితే, అదే రూలు తప్పారని ఇద్దర్నీ పంపిస్తారమ్మా," అన్నారాయన. ఆయనకీ ఆ అమ్మాయి ఇక్కడుండాలనే ఉంది. రూలు లేకుండా ఒక మనిషిని ఎలా కోరుకోవాలో మాత్రం ఆయనకి తెలియదు.

ఉత్తరాలు వెళ్లాయి. తొమ్మిదో రోజున చదరంగం బాబు వచ్చాడు. ఏడాది కిందట పక్క డిపోకి బదిలీ అయిన గుమస్తా.

"తెల్లపావులు నావి. ఇంకో రెండెత్తుల్లో గెలుస్తాను. ఆ రోజు ఆర్డరు వచ్చి లేచి వెళ్లాల్సొచ్చింది," అని ఆనవాళ్లు చెప్పాడు. కవరు విప్పితే సరిపోయింది. ఖాతా తెరిచారు. ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. కూర్చుని ఒక ఎత్తు వేశాడు. కంప్యూటరు ఒకటి వేసింది. ఆయన రాజు పడిపోయాడు.

"ఏడాది నుంచీ ఆలోచిస్తూ కూర్చుంది బాబూ, గెలవదా మరి," అన్నాను. మూతి ముడుచుకుని సంతకం పెట్టి వెళ్లాడు.

పదకొండో రోజున మాత్రలక్క వచ్చింది. రిటైరయ్యి పది నెలలైంది. "రెండు గంటలకోసారి మంచినీళ్లు, భోజనం కాగానే తెల్లమాత్ర, నాలుగింటికి పచ్చమాత్ర" అని గడగడా చెప్పేసింది. ఖాతా తెరవగానే పది నెలల మాత్రలూ ఒకదాని మీద ఒకటి తెర నిండా లేచాయి.

"చూశావా పిన్నీ!" అని నా చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో మొగుడూ కొడుకూ కోడలూ, ముగ్గురుండీ ఒక్కళ్లు గుర్తుచెయ్యరు. ఇది మాత్రం నేను లేకపోయినా నాకు మంచినీళ్లు తాగమని చెబుతూనే ఉందే!" దాన్ని వదిలి వెళ్లనని మొండికేసింది. మెకానిక్ అలాంటిదే ఆవిడ ఫోనులో పెట్టిచ్చాకగానీ సంతకం పెట్టలేదు.

మిగిలింది గంట. దాని యజమాని మా రిజిస్టరు పెదనాన్న. ముప్పై ఏళ్లు మా రిజిస్టరు రాసి, పద్నాలుగు నెలల కిందట ఒక ఆదివారం ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. రూలులో యజమానికి తెలియజేయాలని ఉంది గనక రూళ్లకర్ర గారు ఆయన పేరు మీదే ఉత్తరం పంపారు.

"పోయినాయనకి ఉత్తరమేంటి సార్?" అన్నాను.

"ఆయన లేరని పోస్టువాళ్లు రాసివ్వాలి కదమ్మా. మనకు తెలిస్తే సరిపోదు."

'స్వీకర్త లేరు' అన్న ముద్రతో ఆ ఉత్తరం తిరిగి రావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పుడు ఆయన భార్యకి కబురు చేశారు, సంబంధం రుజువు చేసే కాగితంతో రమ్మని. పద్నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మ వచ్చింది. మర్నాడు పొద్దున పదింటికి తనిఖీ. టకటక అప్పటికే సొరుగు ఖాళీ చేసి, దువ్వెనా చిన్న అద్దమూ సంచీలో వేసుకుంది. అది నేను చూడనట్టు ఊరుకున్నాను.

"ఏమిటి నాయనా, ఇన్నాళ్లకి? కళ్లజోడూ పెన్నూ టిఫిన్ డబ్బా అప్పుడే ఇచ్చేశారుగా," అంటూ పెద్దమ్మ కౌంటరు అవతల కూర్చుంది.

"మీ వారు ఇంకొకటి వదిలారు. అదేమిటో మీరు చెప్పాలి," అన్నారు రూళ్లకర్ర గారు, అంటించిన కవరు ఎదుట పెట్టుకుని.

"నేను చెప్పాలా? మీ దగ్గర ఉన్నది నాకెలా తెలుస్తుంది?"

"చూడకుండా చెప్పడమే పద్ధతి. రంగు?"

"ఏమో."

"పరిమాణం?"

"నాయనా, ఆయన చొక్కా కొలతే ముప్పై ఏళ్లు నాకు గుర్తుండలేదు."

మెకానిక్ గోడకి ఆనుకుని నిట్టూర్చింది. టకటక రూళ్లకర్ర గారి వెనక నిలబడి, గంట కొడుతున్నట్టు చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. పెద్దమ్మ జాలిగా చూసి, "చెయ్యి పట్టేసిందా తల్లీ? ఆముదం రాయి," అంది.

"సైగలు చెయ్యకూడదు," అన్నారు రూళ్లకర్ర గారు వెనక్కి తిరక్కుండానే.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. కాసేపు పమిట కొంగు మెలిపెట్టి, గొంతు తగ్గించి నన్నడిగింది. "పిన్నీ, నిజం చెప్పు. ఎవరికైనా ఉత్తరాలేమన్నా రాసి పెట్టాడా అందులో? అయితే నాకొద్దు. నేను లేచిపోతాను."

ఆవిడ లేచి వెళ్తే గంట వెళ్లదు. గంట వెళ్లకపోతే యంత్రం పడుకోదు. అది పడుకోకపోతే రేపీపాటికి ఈ పిల్ల తొమ్మిది గంటల దారిలో ఉంటుంది. ఆనవాళ్లు అందించడం తప్పు గానీ, కుశల ప్రశ్న వెయ్యడం తప్పని ఏ రూలులోనూ లేదు కదా అనుకున్నాను.

"అదేం కాదు వదినా. ఊరికే అడుగుతున్నాను, నువ్వు మిల్లులో చేసేటప్పుడు అన్నయ్య నీకోసం ప్లాట్‌ఫాం మీదికి వచ్చేవాడు కదూ?"

"వచ్చేవాడా!" పెద్దమ్మ ఒక్కసారి కదిలింది. "నా షిఫ్టు బస్సు సాయంత్రం నాలుగూ యాభైకి తొమ్మిదో ప్లాట్‌ఫాం మీద ఆగేది. ఇరవయ్యేళ్లు నేను దిగి, నిలబడి, కాళ్లు పీకి, తిట్టుకుంటూ ఉంటే అప్పుడొచ్చేవాడు. రాస్తూ కూర్చుంటే ఒళ్లు తెలియదు ఆ మనిషికి. ఎన్ని పోట్లాటలనుకున్నావు! అలాంటిది ఆఖరి అయిదేళ్లూ ఒక్కరోజు ఆలస్యం కాలేదు. నేను మెట్టు మీద కాలు పెట్టేసరికి ఎదురుగా ఉండేవాడు, సంచీ అందుకుంటూ. ఏమయ్యా ఇంత మారావంటే, 'వయసు పైబడ్డాక నీ బస్సు నా గుండెలోనే ఆగుతోందే' అన్నాడు."

రూళ్లకర్ర గారు కవరు అంచు చింపి చీటీ బయటికి తీశారు. లేచి నిలబడి చదివారు, అది పైఆఫీసు ఉత్తరం కాకపోయినా.

"గంట ఒకటి. ప్రతిరోజూ సాయంత్రం నాలుగూ నలభై అయిదు. గంటతోపాటు తెర మీద కనబడే రాత: 'ఆవిడ బస్సొస్తోంది. పెన్ను మూసి లే.'"

పెద్దమ్మ నోరు తెరుచుకుని ఆయన్నే చూసింది. అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది.

"దొంగమొహం!" అంది. "గుండెలో ఆగుతోందన్నాడే! నేను నమ్మి మిల్లులో ఆడవాళ్లందరికీ చెప్పుకున్నానే! అయిదేళ్లు ఈ డబ్బా లేపితే లేచి వచ్చి, నా చేత మురిపించుకున్నాడా!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక టకటక మంచినీళ్లు తెచ్చి పట్టుకుని నిలబడింది.

"ఇప్పటికీ మోగుతోందా?" అని అడిగింది చివరికి.

"రోజూ మోగుతోందమ్మా," అంది మెకానిక్. "ఆయన ఖాతా పక్కకి జరిపి ఉంది గనక చప్పుడు బయటికి రాదు. గంట వేళకి యంత్రం పడుకుని ఉంటే ఎలాగని, దీన్ని నిద్రపోనివ్వొద్దని గుర్తు పెట్టారు. మోగాక ఎవరో ఒకరు నొక్కి ఆపాలి. ఆపే మనిషి రాలేదు."

"ఎంతైంది ఇప్పుడు?"

"నాలుగున్నర."

"ఒక్కసారి మోగనియ్యండి. విని సంతకం పెడతాను."

రూళ్లకర్ర గారు రూల్సు పుస్తకం వైపు చూశారు. "వస్తువు పనిచేస్తోందో లేదో చూసుకునే హక్కు యజమానికి ఉంది," అన్నారు. అలాంటి రూలు ఉందో లేదో నాకు తెలియదు. ఆయన పుస్తకం మాత్రం తెరవలేదు.

మెకానిక్ పెదనాన్న ఖాతా తెరిచి చప్పుడు పెంచింది. కూర్చున్నాం. నాలుగూ నలభై అయిదుకి తెర మీద ఆ రెండు మాటలూ వచ్చాయి. గంట మోగింది. గంటంటే గంట కాదు, బస్సు హారను. గది అదిరిపోయింది. కౌంటరు దగ్గరున్న ఒకామె పిల్లని లాక్కుని గోడవారకి గెంతింది.

"ఇది తొమ్మిదో ప్లాట్‌ఫాం హారనే!" అంది పెద్దమ్మ. లేచి వెళ్లి మెకానిక్ చూపించిన చోట వేలు పెట్టింది. "వచ్చాన్లే. ఆపు," అని నొక్కింది.

తర్వాత రిజిస్టరులో 'గంట ఒకటి అందినది' అన్నచోట సంతకం పెట్టింది. ఏం అందిందని అడగలేదు. మెకానిక్ ఆ ఖాతా మూసేసింది. పది నిమిషాలు అందరం చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూశాం. చటుక్కున నల్లబడింది. లోపల ఎప్పుడూ గిర్రుమంటూ ఉండే చప్పుడు కూడా ఆగింది.

"పడుకుంది!" అని అరిచారు రూళ్లకర్ర గారు. మేమంతా ఒక్కసారే "ష్!" అన్నాం.

మర్నాడు పదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. చేతిలో పెద్ద గడియారం, చంకలో టకటక బదిలీ కాగితం. అప్పటికే టైపు చేసి, తేదీ కూడా వేసి తెచ్చాడు. కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని గడియారం నొక్కాడు. ఎనిమిది నిమిషాలు కదలకుండా ఉన్నాడు. తొమ్మిదో నిమిషంలో, "పడుకుందంటారా?" అని మౌసు కదిపి చూశాడు.

"లేదు, మెలకువగానే ఉంది," అని రాసుకున్నాడు.

"సార్, మీరు కదిపారు కదా," అంది టకటక.

"కదపకుండా పడుకుందో లేదో ఎలా తెలుస్తుందమ్మా?"

మళ్లీ గడియారం నొక్కాడు. ఈసారి ఏడో నిమిషానికే కదిపాడు. మూడోసారి తెర నల్లబడబోతుంటే, "ఆఁ, ఏదో అయింది!" అని కీబోర్డు తట్టాడు. "మూడు పరీక్షలు, మూడింటిలోనూ మెలకువే. పైఆఫీసు లెక్క పొరపాటు కాదు." జేబులోంచి పెన్ను తీశాడు. పసిపిల్ల నిద్రపోయిందో లేదో చూడ్డానికి గిల్లి చూసే మేనత్తలు ఉంటారని విన్నాను గానీ, వాళ్లకి ఉద్యోగాలిస్తారని వినలేదు.

రూళ్లకర్ర గారు ఏదో రూలు చెప్పబోయి, ఏ రూలూ దొరక్క నిలబడిపోయారు. నాకు కాళ్లు ఆగలేదు. స్టోరు గదిలోకి వెళ్లాను. పొద్దున్నే మూడో నంబరు బస్సులో దొరికిన గాజుగ్లాసుల పెట్టె అక్కడుంది. మూత లేదు, అడుగు చిరిగింది, నాలుగు డజన్ల గ్లాసులు. దాన్ని ఎత్తుకొచ్చి అధికారి ఒళ్లోకి దించాను.

"సార్, ఒక్క నిమిషం పట్టుకోండి. పగిలే సామాను. కింద పెడితే అడుగు ఊడుతుంది, నా చేతులా వణుకుతున్నాయి. చీటీ తెస్తాను."

ఆయన కంగారుగా రెండు చేతులూ పెట్టె అడుగున పెట్టాడు. పెన్ను కింద పడింది. "త్వరగా రండమ్మా!"

"ఇదిగో వచ్చె," అని లోపలికి వెళ్లి బీరువా పక్కన నిలబడ్డాను. చీటీలు నా నడుముకే కట్టి ఉన్నాయి. ఆ ఒక్క నిమిషమూ నాకు ఏడాదిలా నడిచింది.

"ఇంకా దొరకలేదా?" అని కేకేశాడు.

"దారం వెతుకుతున్నాను సార్!"

"మీరైనా పట్టుకోండయ్యా," అన్నాడు రూళ్లకర్ర గారితో. తలుపు సందులోంచి చూశాను. రూళ్లకర్ర గారు నోరు తెరిచారు. మూసుకున్నారు. "స్టోరు సామాను నేను ముట్టుకోకూడదు సార్," అన్నారు. ఆయన రోజూ ముట్టుకుంటారు.

పది నిమిషాలయ్యాయి. గ్లాసులు చిన్నగా గలగలమంటున్నాయి. అధికారి నుదుటి చెమట ముక్కు మీదికి జారింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఆయన కళ్ల ముందే తెర నల్లబడింది. గిర్రుమనే చప్పుడు ఆగింది.

"పడుకుందా?" అని ఆయన కాలు ముందుకి చాపాడు, దేన్నో కదుపుదామని.

"సార్, గ్లాసులు!" అంది టకటక.

కాలు వెనక్కి లాక్కున్నాడు. ఇంకో అయిదు నిమిషాలు చూశాడు. చేతులు లేని మనిషికి చూడటం తప్ప ఏముంటుంది? చివరికి, "పడుకున్నట్టే ఉంది," అన్నాడు. నేను చీటీతో వచ్చి పెట్టె అందుకున్నాను. ఆయన చేతులు దులుపుకుని, పెన్ను ఏరుకుని, కాగితం మీద 'సంతృప్తికరం' అని రాశాడు. బదిలీ కాగితాన్ని నిలువునా చింపి, ముక్కలు ఎక్కడ పారెయ్యాలో అడిగాడు. మా ఆఫీసులో ఏదీ పారెయ్యమని, వెంట తీసుకెళ్లమని రూళ్లకర్ర గారు చెప్పారు.

ఆయన అలా వెళ్లగానే టకటక పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్లాను, ఎక్కడ కళ్లు తిరిగి పడుతుందోనని. ఆరో నంబరు కిటికీ ముందు ఇరవై మంది వరుసలో ఉన్నారు. పక్కనుంచి వెళ్లి పిలవొచ్చు గానీ, ఆ అమ్మాయి పోయి అందరి వెనకా నిలబడింది. మధ్యలో ఒకాయన చిల్లర కోసం పోట్లాడాడు. ఒకామె ఏ ఊరు వెళ్లాలో మరిచిపోయి ఫోను చేసి కనుక్కుంది. టకటక సంచీ పట్టుకుని ఒక్కొక్క అడుగూ జరుగుతూ వచ్చింది.

కిటికీ దగ్గరికి వచ్చేసరికి అతను తల వంచుకుని టికెట్ల కట్ట మారుస్తున్నాడు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు, పైకి చూడకుండానే.

"ఎక్కడికీ లేదు," అంది టకటక.